పాలు పొంగిన బండి

తిరుపతిలో, రేణిగుంట రోడ్డు పక్కన, లారీలకూ బస్సులకూ బాడీలు కట్టే వరదయ్య షెడ్డుకు ఇనుప గేటు ఒకటి ఉండేది. ఆ రోజు పొద్దున్నే అది సగం కూలిపోయింది.

కూల్చింది ఒక తెల్లటి పెట్టె. దానికి రెండు చక్రాలున్నాయి, తలుపుంది, కిటికీలున్నాయి. ఇంజను మాత్రం లేదు. జీపు వెనకాల దాన్ని తగిలించుకుని, రివర్సులో లోపలికి తేవాలని చూసి, ఒక కుర్రవాడు గేటు మీదికి ఎక్కించేశాడు.

వరదయ్య కూతురు జయంతి టెస్టరు చేతిలో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. ఆ షెడ్డులో వైరింగు పని అంతా ఆమెదే.

"ఎవురప్పా అది! కండ్లు యాడ పెట్టుకోనుండావు?"

"సారీ మేడం," అంటూ దిగాడతను. "నేను కుడికి తిప్పితే ఇది ఎడమకి పోతాది. నేను ఎడమకి తిప్పితే కుడికి పోతాది. దీని మనసేందో నాకు తెలీడంల్యా."

"ఇదేంది అసలు? బండా, ఇల్లా?"

"రెండూ."

"బండయితే రోడ్డు మీద పెట్టు. ఇల్లయితే ఊర్లో పెట్టు. మా గేటు మీద పెట్టబాక."

అతను నవ్వాడు. తిట్టినప్పుడు నవ్వే మగవాణ్ణి జయంతి అంతకుముందు చూడలేదు. ఇంకో తిట్టు నోటి దాకా వచ్చి, దారి మరిచిపోయి ఆగిపోయింది.

అతని పేరు మునిచంద్ర. ఊరు కార్వేటినగరం. బెంగుళూరు కంపెనీకి కంప్యూటర్ పని చేస్తాడు, ఎక్కడ కూర్చునైనా చేయవచ్చు. నాలుగు గోడల మధ్య కూర్చుని విసిగిపోయి, చెన్నైలో ఈ ఖాళీ ట్రైలర్ కొన్నాడు. లోపల ఏమీ లేదు, రేకు తప్ప.

"కరెంటు తీగ లేని చోట, కొళాయి లేని చోట, నాలుగు రోజులు హాయిగా ఉండేటట్ల చెయ్యాల," అన్నాడు.

"అంటే అడివిలో ఉండాల, ఫ్యాను మాత్రం తిరగాల. అంతేనా సార్?"

"టీ కూడా ఉండాల."

వరదయ్య గేటు ముక్కలు పక్కకు జరుపుతూ అడిగాడు. "సన్యాసమా నాయనా, సంసారమా?"

"అది కూడా రెండూ అనుకోండి."

తండ్రీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏమీ అర్థం కాలేదు.

పని ఒప్పుకున్నాక అతను జీపు ఎక్కుతూ, "సరే, పోతా," అన్నాడు.

జయంతి మొహం మారిపోయింది. "పోతా అనగూడదు. పోయొస్తా అను."

"ఏం? నేనేమన్నా మీ ఇంటి అల్లుడినా?"

"ఎవురైనా సరే. ఈ గేటు దాటేటప్పుడు పోయొస్తా అనే దాటాల."

అతను వరదయ్య వైపు చూశాడు. వరదయ్య కళ్ళు దించుకున్నాడు. జయంతి చిన్నప్పుడు వాళ్ళమ్మ పెద్దాసుపత్రికి బయలుదేరుతూ, హడావుడిలో, "పోతా జయా, నాయన్ని సూసుకో," అంది. అంతే. మళ్ళీ రాలేదు. జబ్బు జబ్బే, మాట మాటే అని అందరూ చెప్పారు. జయంతికీ తెలుసు. తెలిసినా ఆ మాట అన్నవాళ్ళ చేత మార్చి అనిపించందే ఊరుకోదు.

మునిచంద్ర మరేమీ అడగలేదు. "పోయొస్తా," అన్నాడు గట్టిగా. మర్నాటి నుంచి రోడ్డవతల టీ అంగడికి పోవాలన్నా "పోయొస్తా మేడం" అని అరిచి మరీ పోయేవాడు.

*

పని మొదలయింది. పైకప్పు మీద సోలార్ పలకలు, కింద బ్యాటరీ, అడుగున నీళ్ళ ట్యాంకు, దానికో చిన్న మోటారు. రేకుకూ లోపలి చెక్కకూ మధ్య ఎండ దిగకుండా మందపాటి థర్మాకోల్. గ్యాసు బండకు బయటే ఒక గూడు. కిటికీలకు దోమతెర. తలుపు ముందు పందిరి మాదిరి విప్పుకునే గుడ్డ.

"ఏసీ పెట్టలేమా?" అన్నాడు మునిచంద్ర.

"పెట్టొచ్చు. దానికి సరిపడా పలకలు పెడితే ఈ బండి మీద చాలవు, మీ ఊరి కోట మీద పరవాల."

"అయితే ఫ్యానే చాలు. కిటికీ ఎదురుగా ఇంకో కిటికీ పెట్టండి. గాలి నడిచిపోతాది."

ఇంతవరకూ అంతా తిన్నగానే ఉంది. తిరకాసు మంచం దగ్గర వచ్చింది.

"మంచం ఇద్దరికి పట్టాల," అన్నాడతను.

జయంతి చేతిలో టేపు ఆగింది. "ఎవురెవురికి?"

"నాకూ, ఇంకొకామెకీ."

"ఎవురామె?"

"ఇంకా అడగలేదు," అని అతను గబగబా బయటికి వెళ్ళిపోయాడు, పోయొస్తా అనడం కూడా మరిచి.

ఇంకా అడగలేదంటే? అడగకుండానే మంచం చేయించుకుంటారా ఎవరైనా? ఆమె కాదంటే? ఔనంటే? ఔనంటే తనకేం? జయంతి ఆ రోజు ఒకే వైరును మూడుసార్లు కోసి మూడుసార్లు అతికించింది.

మరుసటి రోజు ఇంకో వింత.

"మేడం, ఈడ నిలబడి చేయెత్తండి."

ఎత్తింది. ఆమె వేలి కొస తగిలిన చోట పెన్సిలుతో గీత గీశాడు. "సామాన్ల అర ఈడికి రావాల."

"నా ఎత్తుకా? మీరు నాకంటే జానెడు పొడుగుండారు గదా."

"పర్వాల్యా. కూచోండి... కాళ్ళు నేలకి ఆనతా ఉండాయా? అయితే బల్ల ఇంతే ఎత్తు. కిటికీ తెరలకు ఏ రంగు బాగుంటాది?"

"నన్నెందుకు అడగతారు? ఉండబోయేది నేనా?"

అతను పెన్సిలు కొస వైపు చూస్తూ, "ఊరికే, ఆడోళ్ళకి ఏ రంగు నచ్చుతాదో తెలుసుకుందామని," అన్నాడు.

ఆహా, అనుకుంది జయంతి. ఆ వచ్చే ఆమె నా ఎత్తే ఉంటుంది కాబోలు. నేను కొలబద్దని! కొలబద్ద చేతనే తెరల రంగు కూడా చెప్పించుకుంటున్నాడు. చిలకపచ్చ అని చెప్పింది, కోపంగా. తనకు అన్నిటికన్నా ఇష్టమైన రంగు అదే. వేరే రంగు చెప్పి ఉండాల్సిందని రాత్రి పడుకోబోతూ తోచింది.

అద్దం కూడా ఆమె మొహం ఎదురుగానే పెట్టించాడు. చెంబు పెట్టే గూడు కూడా ఆమె చేతికి అందే చోటే.

అసలు బాధ అది కాదు. పని అయిపోతుంది. ఆఖరి వైరు బిగించిన రోజున ఈ పెట్టె గేటు దాటుతుంది. పోయొస్తా అని వందసార్లు అన్నా, చక్రాలున్న ఇల్లు ఏ దారిన తిరిగొస్తుంది?

అందుకని జయంతి తప్పులు వెతకసాగింది. "ఎర్తింగు సరిగా లేదు, మళ్ళీ చెయ్యాల." విచిత్రమేమంటే అతను సంతోషించేవాడు. "నిదానంగా చెయ్యండి మేడం, తొందరేమీ ల్యా." అంతేకాదు, బిగించిన అర ఊడదీసి, వేలెడు కిందికి జరపమనేవాడు.

వరదయ్యకు బుర్ర తిరిగిపోయింది. "ఏం పాపా, రెండు బస్సులు కట్టేసినాం ఈలోపల. ఈ పెట్టె తయారవతాదా, కాదా? మీ ఇద్దర్లో ఎవురికి కాకూడదు?"

"ఏం నాయనా ఆ మాటలు!" అంటూ ఆమె స్విచ్చి బోర్డు బిగించింది. కళ్ళు బోర్డు మీద ఉన్నాయి, మనసు చిలకపచ్చ తెరల దగ్గర ఉంది. మునిచంద్ర వచ్చి వాకిట్లో లైటు స్విచ్చి వేశాడు. కొళాయిలోంచి బుస్సుమని నీళ్ళు దూకాయి. కొళాయి స్విచ్చి వేస్తే వాకిట్లో లైటు వెలిగింది.

అతను తడిసిన చొక్కాతో తలూపాడు. "బాగుండాది. నేను కుడికి తిప్పితే అది ఎడమకి పోతాది. ఇదీ అట్లనే."

"మారుస్తా."

"వద్దు. ఉండనీ."

ఎందుకు ఉండనివ్వాలో జయంతికి అంతుపట్టలేదు.

*

ఎన్నాళ్ళని వెతికితే తప్పులు దొరుకుతాయి? చివరికి బండిని పరీక్షించడానికి కార్వేటినగరం దగ్గర మునిచంద్ర వాళ్ళ మామిడితోటకు తీసుకెళ్ళారు. కాయలు కోసేసిన తోట, చెట్లన్నీ బరువు దిగి తేలిగ్గా ఉన్నాయి. కరెంటు లేదు, కొళాయి లేదు. వరదయ్య చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, జాకీలు దించి, బండిని మట్టంగా నిలబెట్టాడు.

మధ్యాహ్నం దాటగానే కొండల మీంచి మబ్బు దిగింది. చినుకు, తర్వాత జల్లు, తర్వాత రేకు మీద డప్పులు.

"ఎండ పోయింది మేడం. ఫ్యాను ఆగిపోతాదా?"

"ఆగదు. పొద్దున్నించీ తాగిందంతా బ్యాటరీ కడుపులో ఉండాది."

ఫ్యాను తిరుగుతూనే ఉంది. చుక్క కూడా కారలేదు. ఇంకేమీ మిగల్లేదు, పొయ్యి తప్ప.

జయంతి కొత్త పొయ్యి వెలిగించి, టీకని గిన్నెలో పాలు పెట్టింది. కిటికీలోంచి వాన చూస్తూ నిలబడింది. రేపటికి ఈ కిటికీలోంచి చూసేది ఎవరో. ఆమెకు వాన ఇష్టమో కాదో.

"చిలకపచ్చ బాగుండాది గదా," అన్నాడు వెనకనుంచి మునిచంద్ర.

"ఆయమ్మనే అడుగు పోయి! నన్నెందుకు..."

బుస్సుమని శబ్దం. పాలు పొంగి, గిన్నె అంచు దాటి, పొయ్యి మీద పారాయి.

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర ఒక గొడుగు మూసుకుంది. మునిచంద్ర వాళ్ళమ్మ కుప్పమ్మ. చంకలో గుమ్మడికాయ, కొంగులో నిమ్మకాయలు. కొత్త బండి కదా, చక్రాల కింద పెట్టి తొక్కిద్దామని తెచ్చింది. ఆమె చూపు పొయ్యి మీద పడింది.

"ఓయమ్మా! పాలు పొంగినాయే! తూర్పు పక్కకే పొంగినాయే! రేయ్ చంద్రా, బండి బండి అని నా చేత నిమ్మకాయలు మోయించినావు. పాలు పొంగినాక ఇది బండి ఎట్లయితాది? ఇల్లు!"

"అమ్మా, అది టీకి..."

"గమ్మునుండు. ఎవురు మే పొంగించింది? నువ్వా? కొత్తింట్లో పాలు పొంగించిన ఆమే ఆ ఇంటి ఆడది. మా అత్త నా చేత పొంగించినాకే నన్ను ఇంట్లోకి రానిచ్చింది."

జయంతి పొంగిన పాల వైపు చూసింది. వేరే ఆడదాని ఇంట్లో, ఆమె పాలు, తాను పొంగించేసింది! ఇంకెవరి వాకిట్లోనో తాను ముగ్గు వేసినట్టు. పొయ్యి ఆపి, ఒక్క ఉదుటున వానలోకి దిగింది.

"తప్పయిపోయింది అత్తా. నాకు తెలీక..."

"అత్తా అని నోరారా పిలస్తా తప్పంటావేం మే?"

"అది గాదు. పాలు పొంగించాల్సినామె వేరే ఉండాది. ఆయమ్మనింకా అడగలేదని ఈయనే చెప్పినాడు."

పందిరి గుడ్డ కింద నిలబడ్డ వరదయ్య తల తిప్పాడు. "ఎవురామె?"

"ఎవుర్రా ఆమె?" అంది కుప్పమ్మ. "నాకు చెప్పలేదే!"

మునిచంద్ర నోరు తెరిచాడు. కంగారులో గోడ పట్టుకోబోయి స్విచ్చి మీద చెయ్యి వేశాడు. లోపల కొళాయి ధారగా పారడం మొదలుపెట్టింది.

"నేను పోతా," అంది జయంతి.

వరదయ్య మొహం పాలిపోయింది. తన నోట ఆ మాట ఎలా వచ్చిందో జయంతికే తెలియలేదు.

మునిచంద్ర వానలోకి దిగాడు. "ఆ మాట నువ్వా అనేది?"

మేడం అనడం పోయింది, మీరు అనడం పోయింది. ఆమె గమనించలేదు, అతనూ గమనించలేదు.

"లోపలికి రా. ఒక్కసారి. తర్వాత నీ ఇష్టం."

ఎక్కింది. కొళాయి కట్టేశాడు. "చేయెత్తు."

ఎత్తింది. వేలి కొస అరకు తగిలింది.

"అద్దంలో సూడు."

తడిసిన జుట్టుతో తన మొహం, సరిగ్గా మధ్యలో. అతను పక్కన నిలబడితే అద్దంలో గడ్డం దగ్గర్నుంచి కిందికే కనిపించాడు.

"నేను గడ్డం గీసుకోవాలంటే మోకాళ్ళ మీద నిలబడాల. ఈ బల్ల మీద కూచుంటే నా మోకాళ్ళు చెవులకి తగలతాయి. ఎవురికని చేయించినాననుకున్నావు?"

"నా ఎత్తుండే ఇంకొకామెకని..."

"నీ ఎత్తు, నీ చెయ్యి, నీ చిలకపచ్చ. ఇవన్నీ ఉండే ఇంకొకామెని తిరుపతిలో యాడని వెతకాల నేను?"

జయంతికి ఏడుపు వచ్చిందో నవ్వు వచ్చిందో తేలలేదు. "అడగొచ్చు గదా!"

"పనయినాక అడుగుదామనుకున్నా. నువ్వేమో పని కానీలేదు. కాదంటావేమో అని నేనూ కానీలేదు. నువ్వు కాదంటే ఈ అర యాడ పెట్టుకోవాల నేను?"

"నువ్వు పోతావనుకున్నా," అంది ఆమె మెల్లగా. "చక్రాలుండే ఇల్లు గదా."

"ఇల్లే వెంట వస్తా ఉంటే, వదిలేసి పోయేది ఏముంటాది మే?"

ఆమె పొయ్యి మళ్ళీ వెలిగించింది. గిన్నెలో మిగిలిన పాలలో టీ పొడి వేసింది. నాలుగు గ్లాసులు తీసింది. ఆ నాలుగూ ఆమె చేతికి అందే ఎత్తులోనే ఉన్నాయి.

బయట కుప్పమ్మ గుమ్మడికాయ దించి, వరదయ్యతో అంటోంది. "ఏమంటావు అన్నా? మా వాడు మీ గేటు కూల్చినాడంట."

"కూలిస్తే కూల్చినాడు లేమ్మా," అన్నాడు వరదయ్య, కళ్ళు తుడుచుకుంటూ. "ఇంక కొంచెం వెడల్పుగా కట్టుకుంటా."

*

శ్రావణంలో పెళ్ళయింది. బండికి పేరు పెట్టడం ఎవరికీ కుదరలేదు గాని, ఇల్లో బండో తేల్చడం కుదిరింది. బయలుదేరే పొద్దున కుప్పమ్మ రెండూ చేయించింది. పాలు పొంగించారు, చక్రాల కింద నిమ్మకాయలూ పెట్టారు.

వరదయ్య కొత్త గేటు తీసిపెట్టి వచ్చి జీపు పక్కన నిలబడ్డాడు. ఆయన ఒంటరిగా నిలబడ్డ తీరు చూసి జయంతి కిటికీ అద్దం పూర్తిగా దించింది. జీపు కిటికీలోంచి చెయ్యి చాపి తండ్రి చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్ళూ అందరి చేతా అనిపించిన మాట, తాను అనాల్సి వచ్చేసరికి నోట్లోంచి రావడం లేదు.

"చెప్పు పాపా," అన్నాడు వరదయ్య.

"పోయొస్తాం నాయనా."

పోయొస్తాం. ఇద్దరూ. ఆ మాటకు ఆయన మొహం వికసించింది.

మునిచంద్ర గేరు వేశాడు. బండి గేటుకు వీపు పెట్టి ఉంది, తిప్పుకుని బయటికి పోవాలంటే ముందు కొంచెం వెనక్కి రావాలి. అతను కుడికి తిప్పాడు. బండి ఎడమకు పోయింది. ఫెళ్ళుమని కొత్త గేటు కూలిపోయింది.

దుమ్ము అణిగాక వరదయ్య నడుం మీద చేతులు పెట్టుకుని అన్నాడు.

"పోయొస్తామంటే వస్తారని తెలుసు గానీ, ఇంత బిన్నా, గేటు కూడా దాటకముందే వస్తారనుకోలేదమ్మా. దిగండి. టీ తాగి పోదురు."