నార్మల్ అని వచ్చింది

"ఓలమ్మో! మిరియాలు ఎంత సక్కగా ఏరుతున్నావు బావా! మరి నిన్న ఏటైపోనాయి ఈ ఏళ్లు?"

ఫల్గుణ తలెత్తి చూశాడు. మేనమామ కూతురు భాను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. తనను ఉతికి ఆరెయ్యడానికే వచ్చిందని చూడగానే అర్థమైంది.

ఆమె కోపంలో తప్పేమీ లేదు. నిన్న ఇటుకల పండగకి ఊరంతా వరసకట్టి థింసా నాట్యం ఆడింది. ఫల్గుణ సన్నాయిలాంటి మోరీ ఊదుతున్నాడు. వరసకి ముందు నిలబడే వంతు భానుది. ఆమె ఇలా అడుగేసిందో లేదో, మోరీ ఆగిపోయింది. ఆ ఊళ్లో దానికి ఒకటే అర్థం. ఒక పిల్ల వరస నడుపుతుండగా మోరీవాడు పాట తెంపేశాడంటే, 'ఈ పిల్ల నాకొద్దు' అని ఊరందరి ముందూ చెప్పినట్టే. అసలే ఆ ఇద్దరికీ పెళ్లి మాట్లాడాలని రెండిళ్ల పెద్దలూ అనుకుంటున్నారు.

"నేను ఆపనేదు భానూ. ఏళ్లే ముడుసుకుపోనాయి."

"మిరియాలకి ముడుసుకోవేటి? నాకు గుడ్ మార్నింగ్ మెసేజీలు కొట్టినప్పుడు ముడుసుకోవేటి?"

"మోరీ పడితేనే అలాగవుతంది. ఎందుకో నాకే తెల్దు."

"నాకు తెల్సు." భాను కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమెకి కోపమొస్తే ముందు కళ్లనీళ్లే వస్తాయి. "నచ్చనేదని నాకొక్కద్దానికే సెప్తే పోయేది కదా బావా!"

అంతలో చెప్పాపెట్టకుండా వాన దిగింది. పోట్లాట ఆపకుండానే ఇద్దరూ ఆరబోసిన పట్టాని చెరోవైపు పట్టుకుని మిరియాలు లోపలికి చేర్చారు. తడిసిన ముంగురులు వెనక్కి తోసుకుంటూ భాను ముక్కు ఎగబీల్చింది. అలాంటి సమయంలో ఒక అమ్మాయిని చూసి మురిసిపోకూడదు. కానీ ఫల్గుణ మురిసిపోయాడు. అతనికిది కొత్త అలవాటు కాదు.

ఆ వారమే అరకులో పెట్టిన వైద్య శిబిరానికి విశాఖపట్నం నుంచి నరాల డాక్టర్ అనూరాధ వచ్చింది. ఫల్గుణ చేత మోరీ పట్టించింది. ఉంగరం వేలూ చిటికెన వేలూ వాటంతటవే లోపలికి ముడుచుకోవడం చూసింది.

"దీన్ని ఫోకల్ డిస్టోనియా అంటారు. కొందరికి కంటిరెప్పలు మూసుకుపోతాయి, కొందరికి మెడ ఒరిగిపోతుంది. కొందరికి రాసేటప్పుడే చెయ్యి బిగుసుకుంటుంది. మీకు వాయించేటప్పుడే వస్తోంది. ఒక్కో రకంలో మెదడు ఎలా పనిచేస్తోందో ఎమ్మారై తీసి పోల్చి చూస్తున్నాం. మీరూ వస్తారా?"

ఫల్గుణ చెవికెక్కింది ఒక్కటే. మెదడుకి ఫొటో తీస్తారు. అందులో తన నిజం కనిపిస్తుంది.

"ఫొటో సూపిత్తే నమ్ముతావా?" అని భానుని అడిగాడు.

"నేనూ వత్తాను. నా కళ్లతో సూత్తాను" అంది ఆమె.

ఆమె తండ్రి మంగ్లు కూడా బయల్దేరాడు. విశాఖ వెళ్లే రైలు కదలగానే ఆయన నిద్రపోయాడు. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీ చీకటయ్యేది. మళ్లీ వెలుతురొచ్చేసరికి భాను ఫల్గుణ వైపే చూస్తూ దొరికిపోయేది. దొరకగానే మూతి బిగించి కిటికీ వైపు తిరిగేది.

మోరీ చివర ఇత్తడి గరాటు ఉంది కాబట్టి స్కాన్ గదిలోకి తేకూడదన్నారు. భాను ఆస్పత్రి పెరట్లో బొప్పాయి కాడ ఒకటి తెంపి, మోరీ పొడవుకి తుంచి అతని చేతిలో పెట్టింది. ఆ కాడ మీద వేళ్లు కదుపుతూ ఫల్గుణ స్కాన్ యంత్రం హోరులో పడుకున్నాడు.

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. డిగ్రీ చదివిన భాను దాన్ని గబగబా చదివి, మళ్లీ మొదట్నుంచి చదివింది.

"నార్మల్ అని రాసినారు బావా."

ఫల్గుణ బెంచీ మీద కూలబడ్డాడు. చివరికి మెదడు కూడా తన మీదే సాక్ష్యం చెప్పింది.

భాను పక్కనే కూర్చుని గొంతు తగ్గించింది. "ఊళ్లో దీన్ని సదివేవోళ్లు ఎవరున్నారు? జబ్బు కనపడిందని సెప్పీ. సంబంధం నిలబడద్ది."

"సెప్పను." ఫల్గుణ తల అడ్డంగా ఊపాడు. "నిజం సెప్తేనే నువ్వు నమ్మనేదు. అబద్దం సెప్పి నిన్ను సేసుకుంటే రోజూ నీ మొకం ఎలాగ సూడాల? సంబంధం పోతే పోనీ. నార్మల్ అనే సెప్పు."

భాను రిపోర్టు మడిచి లేచింది. అతన్నీ చెయ్యి పట్టుకుని లేపి, డాక్టర్ గదిలోకి తీసుకెళ్లింది.

"నార్మల్ అంటే జబ్బు లేదని కాదమ్మా" అంది అనూరాధ. "ఒక్కరి బొమ్మ చూసి దీన్ని చెప్పలేం. చాలామంది బొమ్మలు కలిపి, జబ్బు లేనివాళ్ల వాటితో పోలిస్తేనే తేడాలు బయటపడతాయి. చేతివాళ్లకి ఒకలా, మెడవాళ్లకి ఇంకోలా. జబ్బుని మేం గుర్తుపట్టింది స్కాన్‌లో కాదు, ఇతని వేళ్లలో."

"మళ్లీ ఊదగలనా మేడం?"

"మాటివ్వలేను. వేళ్లకి మెల్లగా, మొదట్నుంచి నేర్పాలి. కొందరికి కుదురుతుంది, కొందరికి కుదరదు."

బయట మంగ్లు కాచుకుని ఉన్నాడు. "ఫొటోలో ఏటి కనపడింది?"

"ఏటీ కనపడనేదు నాన్నా. నార్మల్ అని వొచ్చింది" అంది భాను. "అయినా నేను బావని నమ్మినాను."

"మోరీ ఊదలేని గుంటణ్ణి సేసుకుంతావేటే?"

"సేసుకుంతాను. ఏ పండక్కి సూసినా ఈయన నోట్లో మోరీయే. నాతో ఒక్క మాట మాటాడ్డానికి ఖాళీ ఉండీది కాదు. ఇకనైనా మాటాడతాడు."

మంగ్లు పకపకా నవ్వేశాడు. "అయితే మాటాడమను. నానూ ఇంతాను."

మావ ఎదురుగా నిలబడి ఉన్నాడన్న సిగ్గు కూడా లేకుండా ఫల్గుణ కళ్లు తుడుచుకున్నాడు.

"నువ్వు వరస ముందుకొచ్చినప్పుడు ఊదతన్న నా ఊపిరి ఆగనేదు భానూ. ఏళ్లే ఆగినాయి."

"తెల్సు బావా" అంది భాను, ఆ రెండు వేళ్లనీ తన గుప్పిట్లోకి తీసుకుంటూ.