లట్రెల్ దొర పెట్టెలో కాగితం

మా వాడలో గోడలకు కాగితాలు అంటించని గుడిసె లేదు. దెయ్యం లోపలికి రావాలంటే గోడమీది ప్రతి అక్షరం చదవాలి. అది చదివేలోపు తెల్లారిపోతుంది. దెయ్యాలే లేవనే పాస్టరు ఒబదయా మరుగుదొడ్డిక్కూడా అంటించుకున్నాడు. వాడలో కబుర్లు మోసే కెజయా తలకిందులుగా అంటించింది, దెయ్యానికి మెడ పట్టెయ్యాలని.

బట్టలుతికే డెల్ఫీకి కాగితాలు లట్రెల్ దొర ఇంట్లో దొరికాయి. అమెరికా ఉత్తరాది, దక్షిణాది యుద్ధంలో ఆయన బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది కాన్ఫెడరేట్ సర్కారు అధికారి. బానిసలను పట్టి కందకాలు తవ్వడానికి పంపేవాడు. డెల్ఫీ కొడుకు ప్రిమస్‌నీ అలాగే పంపాడు. పదిహేనేళ్లయింది. పిల్లాడు రాలేదు, కబురూ రాలేదు. దొర పోయాక దొరసాని పారేస్తున్న కాగితాల పెట్టెను డెల్ఫీ అడిగి తెచ్చుకుని, పిండి జిగురుతో గోడంతా అంటించింది. ఆమెకు చదువు రాదు.

మూడోరోజు సందెవేళ రొట్టె కాలుస్తుంటే తడి ఎర్రమట్టి వాసన వేసింది. వాన లేదు. గోడ అవతల ఎవరో అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నారు. పొయ్యి పక్క కాగితం దాకా వచ్చి ఆగారు. ఒక దగ్గు. మళ్లీ మొదటినుంచి...

ఆ దగ్గు ఆమెకు తెలుసు.

"రాత్రి నీ గోడ దగ్గర గొంతు విన్నాను, మగాణ్ణి దాచుకున్నావని ఊరంతా చెప్పేదాన్ని," అంది కెజయా పొద్దున్నే. "నీ మొహం చూస్తే నోరు రావట్లేదక్కా."

బడిపంతులమ్మ ఆర్మిండాను ఆమే పిలుచుకొచ్చింది. ఆ పిల్ల పొయ్యి పక్క కాగితం చదివింది. మళ్లీ ఇంకోసారి చదివింది.

"చెప్పమ్మా," అంది డెల్ఫీ.

"సర్కారు ఉత్తర్వు అత్తా. మంత్రి సంతకం, ముద్ర, అన్నీ ఉన్నాయి. జబ్బు చేసింది కాబట్టి ప్రిమస్ అనే కుర్రాణ్ణి వెంటనే ఇంటికి పంపమని. కింద, అందిందని వాడు గుర్తు పెట్టాల్సిన గీత... ఖాళీగా ఉంది."

"పంపలేదా?"

"పెట్టెలోనే ఉండిపోయింది అత్తా."

డెల్ఫీ ఏడవలేదు. కాగితం మీద వేలు పెట్టింది.

"వాడి పేరెక్కడుంది?"

ఆర్మిండా చూపించింది. డెల్ఫీ ఆ అక్షరాలను వేలితో దిద్దుతూనే ఉంది, పొద్దు వాలేదాకా.

సందెకు వాసన మళ్లీ వచ్చింది. కెజయా మూలకు నక్కింది. ఊళ్లో అందరి నోళ్లూ మూయించే మనిషి, అప్రన్ నోట్లో కుక్కుకుంది.

గోడ అవతల చదువు మొదలైంది. నెమ్మదిగా... కష్టంగా... బతికుండగా వాడికి బడి లేదు. చచ్చాక ఎవరు నేర్పారో.

"ప్రి..."

దగ్గు.

"ప్రి..."

డెల్ఫీ గోడకు పెదవులు ఆనించింది.

"ప్రిమస్. నీ పేరే నాన్నా. నిన్ను పంపెయ్యమన్నారు. ఇంటికి రా."

ఖాళీ గీత మీద కాగితం తడిసింది. ఎర్రమట్టితో ఒక అడ్డగీత... దాని మీద ఇంకో గీత. చదువురానివాళ్లు పెట్టే గుర్తు.

డెల్ఫీ పరుగున వెళ్లి తలుపు గడియ మీద చెయ్యి వేసింది.

"తియ్యకక్కా," అని గొణిగింది కెజయా.

అప్పుడు గోడ పొడవునా, కప్పు దాకా, ఒక్కసారిగా దగ్గులు. ఎన్నో గొంతులు, కందకాలకు పోయి తిరిగిరానివాళ్లవి.

"అమ్మా... నా పేరు కూడా ఉందేమో చూడవా?"

వాటిలో ప్రిమస్ గొంతు లేదు.

గడియ డెల్ఫీ చేతికింద తనంతట తనే జరుగుతోంది.