నాలుగు సొరుగుల వరుస

పొద్దున్న ఎనిమిదింటికి పెద్దావిడ కాఫీ కప్పులు ట్రేలో సర్దుతుండగా కొడుకు గదిలోంచి కేక వినపడింది. ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పనిచేసిన చేతులు కాబట్టి చుక్క కూడా తొణక్కుండా ట్రే దింపి, ఆవిడ ఆ గది గుమ్మం దాకా వెళ్ళింది.

"నా సినిమా కనిపించట్లేదు! రెండేళ్ళ కష్టం! మధ్యాహ్నం రెండింటికల్లా పంపాలి నేను!"

కొడుకు డాక్యుమెంటరీలు తీస్తాడు. నది మీద ఆఖరి పడవ నడిపిన మనిషి గురించి తీసినదంతా బల్ల మీది నల్లపెట్టెలో ఉంది. అందులో సొరుగుల్లాగా నాలుగు డిస్కులుంటాయి. ఇవాళ ఆ పెట్టె ఎర్రలైటు వెలిగించుకుని మొండికేసింది. కంప్యూటర్ తెర మీద ఒకటే ప్రశ్న: డిస్కు చదవలేకపోతున్నాను, ఫార్మాట్ చేయమంటారా?

"నిన్న అప్‌డేట్ అంటూ కెలికింది నువ్వే కదా!" అని భార్య మీద విరుచుకుపడ్డాడు.

కోడలు ఆసుపత్రిలో కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగి. "అప్‌డేట్‌కి ఇలా అవదండీ. ముందు ఆ మౌస్ మీంచి చెయ్యి తీయండి. ఫార్మాట్ అంటే ఉన్నదంతా ఊడ్చెయ్యడమే."

"అన్నీ తెలిసిన మహాతల్లివి! ఇకమీదట నా గదిలో అడుగు పెట్టకు!"

కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దావిడ గుమ్మంలోనే ఆగిపోయింది. నిన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ గదిలో అడుగు పెట్టింది తనే. పెట్టె ఆపేసే ఉంది కదా అని నాలుగు సొరుగులూ లాగి దుమ్ము దులిపింది. వాటి మీద అంచులు లేచిన మురికి కాగితం ముక్కల్ని కూడా గీకి పారేసింది. ఈ ఇంటికి వచ్చి రెండు నెలలైంది. ఏది ముట్టుకోబోయినా "నువ్వు కూర్చో అమ్మా" అంటారు. కూర్చుని కూర్చుని తనకు తనే బరువనిపించి చేసిన పని అది. ఇప్పుడు నోరు విప్పితే ఆ కూర్చునే చోటు కూడా దక్కదేమోనని భయం. విప్పకపోతే తన తప్పుకి కోడలు మాటలు పడుతుంది.

"ఆ పిల్లని ఏమీ అనకురా. చేసింది నేను."

అంతా విని కొడుకు తల పట్టుకు కూలబడ్డాడు. "ఆ కాగితాల మీదే నంబర్లున్నాయమ్మా! నిన్నెవరు తుడవమన్నారు?"

కోడలు మాత్రం గబుక్కున కళ్ళు తుడుచుకుంది.

"అయితే డిస్కులు చెడిపోలేదు, వరుస మారిందంతే! ప్రతి ఫైలునీ ముక్కలు చేసి నాలుగింట్లో పంచుతుందీ పెట్టె. ఏది ఎక్కడుండాలో తెలిస్తే చాలు."

"ఇరవై నాలుగు రకాలుగా పెట్టొచ్చు," కొడుకు మూలిగాడు. "ఊరికే పెట్టి చూస్తూ పోతే, ఇది సొంత తెలివితో సరిచేయబోయి అంతా చెరిపేస్తుంది."

"అందుకే ఒక్కసారే పెడదాం." కోడలు ఎరుపు, పచ్చ, నీలం, తెలుపు అట్టల పుస్తకాలు నాలుగు తెచ్చి వరసగా నిలబెట్టింది. "అత్తయ్యా, ఇవే ఆ సొరుగులనుకోండి. నిన్న ఎలా తుడిచారో అలాగే తుడవండి. ఆలోచించొద్దు, అలవాటుగా చేసెయ్యండి."

పెద్దావిడ కొంగు బిగించింది. ఎడమ నుంచి ఒక్కోటీ తీసి, క్యాంటీన్ ట్రేల్లాగే ఒకదానిమీద ఒకటి పేర్చింది. పైదాన్ని ముందు తుడిచి ఎడమవైపు మొదటి చోట పెట్టింది. తర్వాత దాని కిందిది, ఆ తర్వాత దాని కిందిది. అయిపోయేసరికి తెల్లట్ట మొదటికి, ఎర్రట్ట చివరికి వచ్చాయి.

"వరుస తిరగబడింది!" కోడలు చప్పట్లు కొట్టింది. పెట్టె ఆపేసి, "మీరే పెట్టండి అత్తయ్యా" అంది.

ఆవిడ నాలుగు సొరుగులనూ వరుస తిరగేసి పెట్టింది. కొడుకు మీట నొక్కాడు. ఒక పచ్చలైటు, రెండు, మూడు... నాలుగు! తెర మీద ఫైళ్ళు బారులు తీరాయి. ఒకటి తెరిస్తే పడవవాడు తెడ్డు వేస్తూ నవ్వాడు.

కొడుకు అమాంతం తల్లిని ఎత్తి గిర్రున తిప్పాడు. దింపాక భార్య వైపు తిరిగాడు. "నోటికొచ్చినట్టు వాగాను. క్షమించు" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

"ముందు ఇంకో డిస్కులోకి కాపీ తీయండి. తర్వాత తీరిగ్గా ఏడుద్దురుగాని" అంది కోడలు, తనే ఏడుస్తూ.

ముగ్గురూ నవ్వారు. కాపీ మొదలుపెట్టి, కొడుకు దుమ్ముగుడ్డ తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. "కంప్యూటర్ వెనకాల కూడా చాలా దుమ్ముందమ్మా. నువ్వే చూడాలి."

"ఉండరా, ముందు నంబర్లు వెయ్యనీ" అంటూ పెద్దావిడ చెరగని ఇంకు పెన్ను అడిగి తీసుకుంది. ఈసారి కాగితం మీద కాదు, సొరుగు మీదే రాసింది. ఆవిడ నాలుగో అంకె వేసేదాకా ఇద్దరూ చెరోపక్కా నిలబడి చూశారు.