సరోజ కళ్ళు తెరిచేదాకా

పొద్దున్నే కోమలి పిండి రుబ్బుతూ ఒక అరవ పాట పాడుకుంటోంది. బయట హైవే మీద మామిడికాయల లారీలు పల్ప్ ఫ్యాక్టరీ దాకా వరస కట్టాయి. వరండాలో కాఫీ తాగుతున్న మామ మునివెంకటప్ప గ్లాసు కింద పెట్టాడు.

"అది పాటా, రేకుల మీద రాళ్ళు పడిన సప్పుడా?"

"పాటే మామా. మా గుడియాత్తంలో ఈ పాట పెడితే పెండ్లిమండపం ఊగిపోతాది."

"ఊగతాది. పాటంటే వినినోడు సాయంత్రం మళ్ళా పాడుకోవాల. ఇది వింటే సాయంత్రం తలనొప్పి మాత్ర మింగాల."

కాపురానికి వచ్చిన కొత్తలో కోమలి ఇలాంటి మాటలకు నవ్వేది. ఇప్పుడు పాట ఆపేసి, గ్రైండర్ శబ్దంలో తల దించుకుంటోంది.

మునివెంకటప్పకు నచ్చిన సినిమా ఏదీ ఇప్పుడు ఆడడం లేదు. ఇప్పటి హీరో మాట్లాడితే వినపడదు, వినపడితే అర్థం కాదు. పాటల పోటీల్లో జడ్జీలు ఏడవడానికే కూలి తీసుకుంటారు. వార్తలు చదివేవాళ్ళు వీధి కొళాయి దగ్గర జగడానికి దిగినట్టు అరుస్తారు. ఇవన్నీ ఆయన తీర్పులు. వాటి మీద అప్పీలు లేదు.

అట్లాంటి మనిషి సాయంత్రం ఏడు కొట్టేసరికి టీవీ ముందు కుర్చీ వేసుకునేవాడు. ఒకే సీరియల్. అందులో సరోజ అనే ఇల్లాలు రెండేళ్ళుగా ఆస్పత్రి మంచం మీద స్పృహ లేకుండా పడి ఉంది. సీరియల్ నడిచినంతసేపూ ఆయన తిడుతూనే ఉండేవాడు. "సూసినావా, ఈ పొద్దు గూడా లేయలే. బొట్టు మాత్రం చెరగలే."

ఆ రోజు సాయంత్రం కోమలి ముందుగానే వచ్చి టీవీ దగ్గర నిలబడింది.

"మామా, అరవ చానల్లో పాటల పోటీ. మా వీధి పిల్ల పాడతా ఉండాది. ఈ ఒక్క పొద్దు నాకియ్యండి."

"ఫోన్లో సూసుకో పో."

"రోజూ తిట్టేదాన్ని ఒక రోజు చూడకపోతే ఏం పోతాది మామా?"

"తిట్టినా నేను సూడాల. పక్కకు జరుగు."

కోమలి జరగలేదు. ఆర్నెల్లుగా మింగిన మాటలన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి.

"చూడాల్సిన పన్లేదు. ఈ కథ అరవంలో ముందే వచ్చింది, అయిపోయింది గూడా. దాన్నే తెలుగులో మళ్ళా తీస్తా ఉండారు. ఆ సరోజ కండ్లు తెరవదు. ఆస్పత్రిలోనే సచ్చిపోతాది. తెలిసింది గదా, ఇంక రిమోట్ ఇయ్యండి."

ఎంత మాటైనా వస్తుందని కాచుకుంది. మునివెంకటప్ప రిమోట్ కుర్చీలో పెట్టి వరండాలోకి పోయాడు. అన్నానికి పిలిస్తే రాలేదు.

మర్నాడు ఏడు గంటలకూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పొద్దున కోమలి కావాలనే అదే పాట గట్టిగా పాడింది. ఆయన కాఫీ తాగి గ్లాసు కడిగి బోర్లించి పోయాడు. టీవీ తనదైంది గానీ, పెట్టడానికి చెయ్యి రాలేదు.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన భర్త బాలచంద్రతో అదే చెప్పుకుంది. "కథ చెప్పేస్తే అంత కోపమా? ఆయన మెచ్చుకున్న సీరియలా అది?"

బాలచంద్ర చేతులకంటిన మామిడి జిడ్డు కడుక్కోవడం ఆపాడు. "సరోజ సచ్చిపోతాదని చెప్పినావా?"

"చెప్పినా."

"అమ్మను వేలూరు ఆస్పత్రికి తీసుకుపోయేటప్పుడే సీరియల్లో సరోజను గూడా చేర్చినారు. అమ్మ కారెక్కతా నాయనతో ఒకటే మాట అనింది. 'నేనొచ్చేదాకా సరోజ ఏమైందో సూసిపెట్టు, వచ్చినాక చెప్పు' అని. అమ్మ రాలే. అంతకు ముందు ఆ సీరియల్ మొగం గూడా చూసిన మనిషి కాదు ఆయన."

"మరి ఆ తిట్లు?"

"ఆ మాటలు టీవీతో కాదు. టీవీ పైన గోడకు ఏముండాదో చూడు."

కోమలి చూసింది. తాను ఎన్నడూ చూడని అత్త పంకజాక్షి ఫోటోలో నవ్వుతోంది. రోజూ పూలు పెట్టే ఫోటోనే.

"నాకు ముందే చెప్పుంటే ఏం?"

"నువ్వు అడగలే."

కోమలి ఏడ్చింది. మొగుడి మీద కోపం, తన నోటి మీద అంతకంటే కోపం.

మర్నాడు ఏడు గంటలకు టీవీ పెట్టి, కింద చాప మీద కూర్చుని ఫోటో వైపు చూసింది. వరండాలోకి వినపడేలా మొదలుపెట్టింది.

"అత్తా, ఈ పొద్దు సరోజను చూడ్డానికి వాళ్ళ పెద్దమ్మ వచ్చింది."

వరండాలో కుర్చీ కిర్రుమంది.

"ఆ పెద్దమ్మే అత్తా మందు మార్చేసింది."

"పెద్దమ్మ కాదు, మేనత్త," వరండాలోంచి గొంతు వచ్చింది. "మందు మార్చింది అల్లుడు. తెలీకుంటే గమ్మునుండాల."

"తెలిసినోళ్ళు వచ్చి చెప్పండి మామా. నేను తప్పు చెప్తే అత్త తప్పే నమ్మతాది."

చాలాసేపటికి మునివెంకటప్ప లోపలికి వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు. కోమలి వైపు చూడలేదు. ప్రకటనలు వచ్చినప్పుడు మెల్లగా అడిగాడు.

"అరవంలో నిజంగానే సచ్చిపోయిందా?"

అబద్ధం కోమలి నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన ముఖం చూశాక ఆడలేకపోయింది.

"అవును మామా. ఈడ మార్చినా మార్చచ్చు."

"మార్చరు. అంత తెలివి ఈళ్ళకు యాడిది."

మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కోమలి వైపు వంగి, గొంతు బాగా తగ్గించాడు.

"మీ అత్తకు మాత్రం చెప్పబాకు."

కోమలి తల ఊపి, కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది.

ప్రకటనలు అయిపోయాయి. ఆస్పత్రి మంచం మీద సరోజ చెరగని బొట్టుతో పడుకుని ఉంది. మునివెంకటప్ప గొంతు సవరించుకుని పైకి చూశాడు.

"సూసినావా. ఇంకా లేయలే."