మూడు నిమిషాల నిశ్శబ్దం

కొత్త టీవీ పెట్టె గుమ్మంలో అడ్డంగా పట్టలేదు. మోసుకొచ్చిన ఇద్దరూ దాన్ని నిలువుగా తిప్పి, ఊపిరి బిగబట్టి లోపలికి దూర్చారు. పెద్దమ్మాయి సోఫా జరిపింది, బల్ల జరిపింది, ఆఖరికి గోడ మీద అమ్మ ఫోటో కూడా తీసింది.

"ఇదెక్కడ పెట్టను నాన్నా?"

"ప్రస్తుతానికి ఫ్రిజ్ మీద పెట్టు. తర్వాత చూద్దాం."

అమ్మ పోయి నాలుగు నెలలు. బతికినన్నాళ్లూ ఆవిడ కళ్లద్దాలూ, మోకాళ్ల నొప్పీ, చెల్లెలింటి ప్రయాణమూ అన్నీ 'తర్వాత చూద్దాం'లోనే ఉండేవి. పోయాక కూడా ఆవిడకి అక్కడే చోటు దొరికింది.

బిగించడానికి ఒక అమ్మాయి వచ్చింది. నడుముకి పనిముట్ల సంచి, చేతిలో డ్రిల్లు. ఆమె వెనక ఇంకెవరైనా వస్తారేమోనని నాన్న మెట్ల వైపు తొంగి చూశాడు.

"నువ్వొక్కదానివే వచ్చావా అమ్మా?"

"టీవీ కూడా ఒక్కటే కదండీ," అంది ఫిట్టరమ్మ.

నాలుగు నెలల్లో మొదటిసారి పెద్దమ్మాయికి నవ్వొచ్చింది.

గోడకి చిల్లులు పడ్డాయి. సిమెంటు పొడి రాలింది. ఆరడుగుల నల్లటి అద్దం గోడంతా ఆక్రమించింది. ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు. తెర మీద వెలుగు పడకుండా నాన్న దళసరి పరదాలు లాగేశాడు. మధ్యాహ్నం రెండు గంటలకే హాల్లో మునిమాపు చీకటి కమ్ముకుంది. కొత్త ప్లాస్టిక్ వాసన ముక్కుకి పట్టేసింది.

ఫిట్టరమ్మ వేలెడంత మైకుని ఒక స్టాండుకి తగిలించి నాన్న కుర్చీలో నిలబెట్టింది.

"స్పీకర్లు ఒక్కొక్కటే కూత పెడతాయి. మైకు విని గదిని కొలుస్తుంది. మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, కదలకూడదు."

"మా ఇంట్లో నిశ్శబ్దానికి ఏం లోటు లేదులే," అన్నాడు నాన్న గొప్పగా.

నిజమే. ఆయన టీవీ ముందు కూర్చుంటే ఇల్లంతా నోరు మూసుకోవాలి. కుక్కరు కూత వేస్తే, గిన్నె జారిపడితే, ఆయన విసురుగా లేచి వంటింటి తలుపు మూసేసేవాడు. తలుపుకి అటువైపు అమ్మ, ఆవిడ చప్పుళ్లూ.

ఆ సాయంత్రమూ అంతే. మ్యాచ్ ఆఖరి ఓవర్లలో ఉంది. నాన్న తలుపు మూసొచ్చి, "సౌండు పెంచు," అన్నాడు. రిమోటు పెద్దమ్మాయి చేతిలో ఉంది. పెంచింది. అరగంట తర్వాత మంచినీళ్లకని తలుపు తీస్తే స్టవ్వు పక్కన నేల మీద అమ్మ ఉంది. ఒళ్లు అప్పటికే చల్లబడుతోంది.

"క్షణంలో పోయి ఉంటారు. పిలిచే వ్యవధి కూడా ఉండదు," అన్నాడు డాక్టరు. ఆ ఒక్క మాట పట్టుకునే పెద్దమ్మాయి నాలుగు నెలలుగా అన్నం తింటోంది, నిద్రపోతోంది. పిలిచే వ్యవధి ఉండదు. పిలిచి ఉండదు. పిలిచి ఉంటే మాత్రం...

మొదటి స్పీకరు కూసింది. వెంటనే ఆగిపోయింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. గదిలో చప్పుడు ఉంది, మళ్లీ ప్రయత్నించండి.

ఫ్యాను ఆపారు. ఫ్రిజ్ ప్లగ్గు పీకారు. మళ్లీ అవే అక్షరాలు.

నాన్న అలవాటు ప్రకారం లేచి వంటింటి తలుపు మూసేశాడు. మళ్లీ అవే.

ఫిట్టరమ్మ విసుక్కుని, మైకు తీగకి హెడ్‌ఫోన్ తగిలించి చెవులకి పెట్టుకుంది. కాసేపు విని తలెత్తింది.

"అమ్మా, వంటింట్లో ఆవిణ్ణి ఒక్క మూడు నిమిషాలు ఆగమనరూ?"

పెద్దమ్మాయి మూసిన తలుపు వైపు చూసింది.

"వంటింట్లో ఎవరూ లేరు," అంది పెద్దమ్మాయి మెల్లగా.

"ఉన్నారండీ. పిలుస్తున్నారు. పాపం, గొంతు పెగలడం లేదు... అయినా పిలుస్తూనే ఉన్నారు." హెడ్‌ఫోన్ చెవికి అదుముకుంది. "బుజ్జాయెవరండీ?"

నలభై ఏళ్లొచ్చినా పెద్దమ్మాయిని ఆ పేరుతో పిలిచేది ప్రపంచంలో ఒక్కరే.

అయితే వ్యవధి ఉంది. పిలిచింది. నలభయ్యేళ్లకి పైగా అన్నం వండిపెట్టిన మొగుణ్ణి కాదు. తననే పిలిచింది. తను సౌండు పెంచుతుంటే పిలిచింది.

వెళ్లి తలుపు తీసింది. బోర్లించిన గిన్నెలు. కట్టేసిన కుళాయి. పొద్దుటి నుంచీ వెలిగించని స్టవ్వు దగ్గర పాలు పొంగి మాడిన వాసన... పెద్దమ్మాయి నేల మీద చతికిలబడి, ఆ చల్లటి గచ్చుని అరచేత్తో నిమిరింది.

"వచ్చానమ్మా," అంది. "ఆలస్యమైంది."

వెనక నుంచి నాన్న గొంతు. "పిచ్చేమన్నా పట్టిందా? వీధిలో ఎవరో ఎవర్నో పిలిచుంటారు. అవతల ఆ అమ్మాయికి ఇంకో ఇంట్లో పనుందట. తెమలనియ్యి."

ఆయనే వచ్చి తలుపు లాగేశాడు. లోపల కూతురుందని చూడక కాదు. చూసే మూశాడు.

పెద్దమ్మాయి కదల్లేదు. పెదవి విప్పలేదు. కనీసం ఈ మూడు నిమిషాలైనా అమ్మ పక్కన ఊరికే కూర్చోవాలనుకుంది.

తలుపవతల మొదటి స్పీకరు కూసింది. రెండోది. మూడోది...

ఆగిపోయింది.

"సార్..." అంది ఫిట్టరమ్మ. "తలుపు తియ్యండి సార్. ఇప్పుడు రెండు గొంతులు వస్తున్నాయి."

"నాకేం వినబడ్డం లేదే."

"పెద్దావిడ ఒకరు. రెండోది మీ అమ్మాయిగారే. తలుపు బాదుతూ ఏడుస్తున్నారు. నాన్నా, నాన్నా అంటున్నారు..."

"దానికి అన్నీ ఎక్కువే. నువ్వు కానియ్యమ్మా."

తలుపుకి ఇటువైపు, నేల మీద, పెద్దమ్మాయి రెండు చేతులతోనూ నోరు గట్టిగా మూసుకుంది. తలుపు పడ్డప్పటి నుంచి ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదు.