ఏమంటాంది ఆ పిల్ల

వేసవి సెలవులు అయ్యేలోగా యాభై పుస్తకాలు చదవాలని సాత్విక తనకు తానే పందెం వేసుకుంది. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు ముగిసిన మర్నాడే నోటుబుక్కు చివరి పేజీలో ఒకటి నుంచి యాభై దాకా అంకెలు వేసి, ఒక్కో పుస్తకం అయ్యాక ఒక్కో పేరు రాసుకుంటూ వచ్చింది. సగం మాంగా అనే జపాను బొమ్మల కథలు, సగం తన ఈడు పిల్లల నవలలు. నంద్యాలలో దొరికినవీ, స్నేహితురాళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్నవీ అన్నీ అయిపోయాయి. నలభై ఒకటి దగ్గర బండి ఆగింది.

ఆళ్లగడ్డలో ఆమె పెదనాయన ఆదిశేషయ్యకు పాత కాగితాల గోడౌను ఉంది. అమ్ముడుపోని పుస్తకాలు బెంగళూరు నుంచి మూటలకొద్దీ వస్తాయి. పొట్లాలు కట్టుకోవడానికి కిరాణా అంగళ్లవాళ్లు తూకానికి కొనుక్కుపోతారు.

"బొమ్మల పుస్తకాలు శానా వచ్చినాయి పాపా. వచ్చి ఏరుకో" అని ఆయన ఫోన్ చేయగానే, ఆదివారం పొద్దున సాత్విక శిరివెళ్ల మీదుగా పోయే బస్సెక్కింది.

గోడౌను పొడుగ్గా, రైలుపెట్టెలా ఉంటుంది. పైన రేకులు. ముందు ఒకే షట్టరు. వెనక గోడకు ఎత్తున చిన్న గవాక్షం. అటూ ఇటూ కప్పు దాకా పేర్చిన మూటల మధ్య మనిషి పట్టేంత సందు. చెదలు పట్టిన కాగితం, ఎలుకల కంపు, పాత జిగురు వాసన. ఆ సందు చివర, గవాక్షం కింద, ఆమెకు నిధి దొరికింది. ఒకే మాంగా కథ, తొమ్మిది భాగాలు, వరసగా. మంచులో కూరుకుపోయిన రైలుపెట్టెలో ఒంటరిగా చిక్కుకున్న ఒక అమ్మాయి కథ. తొమ్మిదీ చదివితే యాభై నిండుతుంది!

ఒంటిగంటకు పెదనాయన కేకేశాడు. "అన్నానికి పోదాం రా."

"మీరు పోండి పెదనాయనా. నేను చదువుకుంటాండా."

"అట్లయితే షట్టర్ దించి తాళం వేసి పోతా. తెరిచి పెడితే ఆవులొచ్చి కాగితాలు నమిలేస్తాయి. అరగంటలో నీకు క్యారియర్ తెస్తాలే."

షట్టరు గరగరమని దిగింది. ఫోను షట్టరు దగ్గరి బల్ల మీద ఛార్జింగులో ఉంది. సాత్విక మూటకు వీపు ఆనించి మొదటి భాగం తెరిచింది. కాసేపటికి కరెంటు పోయింది. ఫ్యాను ఆగాక రేకులు ఎండకు టిక్కు టిక్కుమనడం వినబడసాగింది. గవాక్షం వెలుతురు పేజీ మీదికి చాలు. చదువుతూ పోయింది.

మూడో భాగం సగంలో ఉండగా తల వెనక ఎవరో గుసగుసగా అడిగారు.

"ఏమంటాంది ఆ పిల్ల?"

ఉలిక్కిపడినా, వెంటనే గుర్తొచ్చింది. కాగితాలు వేరుచేయడానికి సుగుణమ్మ అనే ఆమె వస్తుందని పెదనాయన ఎప్పుడో చెప్పాడు. మూటల వెనక కునుకు తీస్తున్నట్టుంది పాపం. ఇంగ్లీషు రాక, బొమ్మలు చూసి అడుగుతోంది.

"చలిగా ఉందంటాంది. తలుపు తెరుచుకోలేదంట" అని సాత్విక నవ్వుతూ చెప్పింది.

"ఊఁ... తిప్పు."

తిప్పింది. చదివి, తెలుగులో చెప్పింది. ఇంకొకరికి చెబుతూ చదవడం బాగానే అనిపించింది. పేజీ మీద కాస్త ఆగితే చాలు, వెనక నుంచి నిట్టూర్పు. "తిప్పు." ఆ ఊపిరి మెడకు తగులుతోంది. ఆ ఎండలో, రేకుల కింద... చల్లగా.

అయిదో భాగం తెరుస్తూ సాత్విక వెనక్కి తిరిగింది.

మూట గోడకు ఆనుకుని ఉంది. మధ్యలో అరచెయ్యి కూడా దూరదు.

ఆమె పుస్తకం మూసింది. 

"ఎందుకు మూసినావ్?"

ఆ మాట మూటకూ గోడకూ మధ్య నుంచే వచ్చింది.

సాత్విక లేచి షట్టరు వైపు పరిగెత్తింది. నాలుగడుగులు వేసిందో లేదో, ముందు ఏదో బరువుగా జారింది. ఒక మూట. దాని మీద ఇంకొకటి. దుమ్ము కళ్లలో పడింది. సందు మూసుకుపోయింది. పైకెక్కబోయింది. కాలు పెట్టిన చోటల్లా పుస్తకాలు జారి, మళ్లీ కిందికే తెచ్చాయి.

"పెదనాయనా!"

ఆ అరుపును కాగితాలు తాగేశాయి.

"చదువు" అంది గొంతు. కోపం లేదు అందులో. బతిమాలుతున్నట్టుంది. దానికే ఎక్కువ భయమేసింది.

చదివింది. ఏం చేస్తుంది మరి? అయిదు... ఆరు... ఏడు... అక్షరాలు అలుక్కుపోతున్నాయి. తాను చదువుతోందో, కల్పించి చెబుతోందో తనకే తెలియడం లేదు. ఒక్కటే ఆశ. అరగంటలో ఆయన వస్తాడు. అరగంట ఎప్పుడో అయిపోయింది కదా? ఎందుకు రాలేదు?

తొమ్మిదో భాగం. రైలుపెట్టె తలుపు అవతల ఏదో చప్పుడు. బొమ్మలోని అమ్మాయి లేచి నిలబడింది. సాత్విక పేజీ తిప్పింది.

తర్వాత అట్ట మాత్రమే ఉంది. చివరి పేజీలు ఎవరో చింపేశారు.

"బయట పడిందా ఆ పిల్ల?"

"ప... పడింది. ఎవరో వచ్చి తలుపు తీసినారు."

చల్లటి ఊపిరి ఆమె భుజం మీదుగా పుస్తకం దాకా వచ్చింది.

"యాడుండాది? చూపీ."

"పేజీలు లేవు... చింపినారు."

"అయితే పడలే."

గవాక్షంలో వెలుతురు తగ్గింది. అక్కడ ఎవరో ముఖం పెట్టినట్టు... మెల్లగా... పూర్తిగా పోయింది. చీకట్లో, ఈసారి చెవికి ఆనుకుని, ఆ గొంతు అంది:

"మొదట్నించి చదువు."

* * *

షట్టరు లేచినప్పుడు వెలుతురుకు సాత్విక కళ్లు మూసుకుంది. సందులో ఒక్క మూటా అడ్డం లేదు. పెదనాయన పరిగెత్తుకొచ్చి భుజాలు పట్టుకుని కుదిపాడు. ఆయన వెనక వెల్డింగు పనిచేసే యెషయా సుత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏందీ పాపా ఇది? తాళం తీసినా షట్టర్ లేస్తే కదా! రెండు గంటలుగా పిలుస్తాండా, పలకవే! నీ గొంతు మాత్రం బయటికి వినపడతానే ఉండాది. చదువుతానే ఉండావ్!"

"సుగుణమ్మ..." అంది సాత్విక. గొంతు పూర్తిగా పోయింది.

"సుగుణమ్మ యాడుంది? కూతురి కాన్పుకని చాగలమర్రికి పోయి వారమాయె."

ఒక్క పుస్తకం కూడా తీసుకోలేదు. వడగాలి కొడుతోందని పెదనాయన ఆమె తలకు చున్నీ చుట్టి, నంద్యాల దాకా తోడొచ్చి దింపాడు.

ఇంట్లో ఆమె తల్లి హేమలత మంచినీళ్లిచ్చి, "చెమటకు తడిసిపోయినావ్, స్నానం చేద్దువు రా" అంటూ చున్నీ విప్పింది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఈ జడ ఎవరేసినారే? పొద్దున క్లిప్పు పెట్టుకొని పోయినావ్ కదా."

సాత్విక వెనక తడుముకుంది. బిగుతైన జడ. కొసన మూటలు కట్టే గోనె దారంతో ముడి. ఎవరూ తనను తాకినట్టు గుర్తులేదు.

"అయిదు పాయల జడ. ఇప్పుడెవరికి వస్తుంది ఇది?" అని గొణుక్కుంటూ హేమలత ముడి విప్పి, ఒక్కో పాయా వదులు చేసింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

అయిదో పాయ ఊడి ఆమె చేతిలోకి వచ్చేసింది. తెల్లటి వెంట్రుకలు. చల్లగా, మూరెడు పొడుగున.