ధనుష్కోటి పాసు

వెంకటశేషమ్మ మెట్లెక్కి వచ్చింది కాని, కుర్చీ చూపించినా కూర్చోలేదు. తలుపు పట్టుకుని నిలబడింది. నెల్లూరు ట్రంకురోడ్డు మీద ఎండ మండిపోతోంది. బస్సు దిగి అంతదూరం ఆమె చెప్పులు లేకుండానే నడిచింది.

"మా చెల్లెలు చచ్చిపోతుందని కాదయ్యా నా భయం. నన్ను చూడకుండా పోతుందని."

ప్రైవేటు డిటెక్టివు మస్తానయ్య చేతిలోని పత్రిక మూసేశాడు. సహాయకుడు క్రీస్తుదాసు కూజాలోంచి నీళ్ళు వంచి ఇచ్చాడు. నీళ్ళు తాగాక ఆమె మాట ఒక దారికి వచ్చింది.

ఆమె భర్త వెంకయ్య బిట్రగుంట షెడ్డులో ఇంజను డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. చెల్లెలు ఇందిరమ్మ పెళ్ళయిన ఏడే కొలంబో వెళ్ళిపోయింది. తర్వాత యుద్ధం వచ్చింది, ఆ తర్వాత అనుమతి కాగితాలుంటేనే సిలోనుకు పోవాలన్న రూలు వచ్చింది. అక్కచెల్లెళ్ళు మళ్ళీ కలుసుకోలేదు.

"రైలు కిటికీలోంచి చెయ్యి ఊపిందయ్యా. ఆ చెయ్యే గుర్తుంది. మొహం మసకేసి పోయింది. ఇప్పుడు ఆస్పత్రిలో ఉంది. అక్కను పిలిపించమని ఒకటే కలవరింత."

రైల్వేవాళ్ళు భార్యాభర్తలిద్దరికీ ధనుష్కోటి దాకా పాసు ఇచ్చారు. సిలోను అనుమతి ఎన్నో తిప్పలమీద వచ్చింది. దాని గడువు ఈ వారంతో సరి. ప్రయాణం ఎలా చెయ్యాలో చెప్పినవాడు పక్కింటి జయరామయ్య, గూడ్సు ఆఫీసు గుమాస్తా.

"నేలమీద చింతగింజలు పేర్చి చూపించినాడయ్యా. ఇది బిట్రగుంట, ఇది మద్రాసు సెంట్రలు. అక్కడ దిగి ఎగ్మూరుకు జట్కా. ఎగ్మూరులో బోటు మెయిలు, ఓడరేవుకు పోయే రైలు. తెల్లారినాక పాంబన్ వంతెన. అటు సముద్రం, ఇటు సముద్రం, నడాన రైలు. ధనుష్కోటిలో ఓడ, అవతల తలైమన్నారులో మళ్ళీ రైలు. ఓడెక్కేముందు మూటలు వెతికే సోదా గది ఏ పక్కనుందో కూడా చెప్పినాడు. రిటైరయిన డ్రైవరంటే మూటలు విప్పరు, మర్యాద చేస్తారన్నాడు. పాపం, ఆయన మద్రాసు దాటి ఎరగడు."

మస్తానయ్య తల ఎత్తాడు. "పాసు ఎక్కడ పెట్టారు?"

"పాసూ, అనుమతి కాగితాలూ రేకుపెట్టెలో పెట్టి, పెట్టెను పరుపుచుట్టలో పెట్టినాం. మా ఆయన నడుం వంగదు. నిన్న సాయంత్రం జయరామయ్యే తాడేసి బిగించినాడు. పొద్దున పేరమ్మ నెత్తిన పెట్టుకోని స్టేషనుకు మోసింది. రైలొచ్చే ముందు పాసు తీద్దామంటే ముడి రాలేదు. కత్తితో కోసినాం. పెట్టె ఉండాల్సిన చోట ఇటుకముక్క ఉంది."

"పేరమ్మ ఎవరు?"

ఆ ప్రశ్నకే ఆమె ఏడ్చింది. "చేపలమ్మే ఆమె. సముద్రం పక్క పల్లె. మా ఇంట్లో పిల్ల పుట్టినా పోయినా నా పక్కన ఉన్నది అదే. దాన్ని కట్టేసినారయ్యా! దొంగంట!"

మస్తానయ్యకు కోపం వస్తే గొంతు తగ్గుతుంది. "దాసూ, కారు మాట్లాడు," అన్నాడు, దాదాపు వినబడకుండా.

* * *

బిట్రగుంట చేరేసరికి పొద్దు వాలుతోంది. పోలీసు ఔట్‌పోస్టు వరండాలో పేరమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. రెండు చేతులూ తాడుతో కట్టి ఉన్నాయి. సోదా పేరుతో ఎవరో బోర్లించిన చేపలబుట్ట వీధిలో పడి ఉంది. చేపలమీద ఈగలు ముసురుతున్నాయి.

"ఎవరు కట్టమన్నారు?" అని అడిగాడు మస్తానయ్య.

హెడ్డుకానిస్టేబులు హజరత్తయ్య లేచాడు. "కాలనీ పెద్దలు సార్. మూట మోసింది ఈమే కదా. దారిలో మార్చేసుంటుంది."

"ఆ ముడి ఎలా విప్పారో కనుక్కున్నావా?"

"కోసినారంట సార్."

"తాడు ఎక్కడుంది?"

హజరత్తయ్య బీరువాలోంచి తాడు తెచ్చి ఇచ్చాడు. కొత్త తాడు. కోత ఒక్కచోటే ఉంది, ముడి ఇంకా ముడిగానే ఉంది. మస్తానయ్య గోటితో లాగి చూసి క్రీస్తుదాసుకు ఇచ్చాడు. అతనివల్లా కాలేదు.

"ఏం సామీ, నేనూ లాగేదా?" అంది పేరమ్మ. "లాగుదామంటే చేతులు కట్టేసినారే!"

"జయరామయ్యను అడిగారా?" అన్నాడు మస్తానయ్య.

"ఆయన పెద్దమనిషి సార్. రాత్రినించీ జరమంట. భార్య చెప్పింది. లోపలికి పోయి లేపేదేం బాగుంటుంది?"

"చేపలమ్మే మనిషిని స్తంభానికి కట్టడం బాగుందా?"

మస్తానయ్య ఆ తాడు తీసుకుని వెంకటశేషమ్మ ఇంటివైపు నడిచాడు.

వెంకటశేషమ్మ ఇల్లు పొద్దున వదిలినట్టే ఉంది. గడప దగ్గర పసుపు, నలిగిన తమలపాకులు, పూలరేకులు. ఆమె మూలనున్న చీపురు తీసింది.

"ప్రయాణమైన ఇల్లని పొద్దున్నించీ ఊడవలేదు," అంది. "పోయినవాళ్ళు క్షేమంగా చేరాలని ఆ పూట చీపురు పట్టరు గదా. ఇంక చేరేదేముంది? ఊడ్చేస్తా."

ఒక్క విసురు ఊడ్చింది. చీపురు చేతిలోంచి జారిపోయింది. వెంకయ్య వచ్చి ఆమె భుజంమీద చెయ్యి వేశాడు. క్రీస్తుదాసు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

పక్కింట్లో జయరామయ్య భార్య పెంచలమ్మ అప్పుడే దీపం వత్తి సరిచేస్తోంది. వాకిట్లో ముగ్గు తీర్చి ఉంది. ఇత్తడి బిందెలు బంగారంలా మెరుస్తున్నాయి. నేలమీద మాత్రం చింతపండు పీచు, చిక్కుడుకాయ ఈనెలు, ఎండిన మల్లెలు అక్కడక్కడా పడి ఉన్నాయి. చీపురు గోడకున్న మేకుకు వేలాడుతోంది.

"జయరామయ్యగారు ఎలా ఉన్నారమ్మా?"

"ఇప్పుడే మందు తాగి పడుకున్నారన్నా. లేపితే మళ్ళీ జరం పెరుగుద్ది."

లోపలి గదిలో మంచంమీద కంబళి కప్పి ఉంది. మస్తానయ్య గడప దగ్గరే ఆగిపోయాడు. "లేపకండి. ఒంట్లో బాగోలేనివాణ్ణి లేపడం తప్పు," అని చేతులు జోడించి బయటికి వచ్చాడు.

వీధిలోకి రాగానే క్రీస్తుదాసు ఉండబట్టలేకపోయాడు. "ఆ ఇల్లాలికి బద్ధకం లావుగా ఉంది సార్. దీపాలవేళకు కూడా ఇల్లు ఊడవలేదు!"

మస్తానయ్య నడక ఆపాడు. "ఆ బిందెలు చూశావా దాసూ? బద్ధకస్తురాలు తోమిన బిందెలేనా అవి?" అని, స్టేషను వైపు పరుగులాంటి నడకతో బయల్దేరాడు.

* * *

స్టేషను మాస్టరు రైల్వే టెలిఫోనులో మద్రాసుతో మాట్లాడుతుండగా, వెయిటింగు హాల్లోకి అందర్నీ పిలిపించారు. కాలనీ పెద్దలు బెంచీలమీద కూర్చున్నారు. పేరమ్మ గోడపక్కన నిలబడింది. చేతులు ఇంకా కట్టే ఉన్నాయి.

"ముందు ఆమె కట్లు విప్పండి," అన్నాడు మస్తానయ్య. "విప్పాకే నేను నోరు తెరుస్తాను."

హజరత్తయ్య విప్పాడు.

"ఈ ముడి చూడండి. పరుపుచుట్ట ఈ ముడితోనే స్టేషను చేరింది. సొంతవాళ్ళే విప్పలేక కోశారు. నెత్తిమీద మూటతో నడిచే మనిషి దీన్ని విప్పి, పెట్టె తీసి, ఇటుక పెట్టి, మళ్ళీ ఇలాగే కట్టిందా? మీరంతా చదువుకున్నవాళ్ళే. ఒక్కరికీ ఈ ప్రశ్న తోచలేదు. ఎందుకంటే కట్టినవాడు గుమాస్తా, మోసినది చేపల మనిషి."

ముందు బెంచీమీది పెద్దమనిషి తాడు అందుకుని ముడి లాగి చూశాడు.

"పెట్టె మారింది ముడి పడకముందే. చుట్ట బిగించింది జయరామయ్య. మద్రాసు దాటనివాడికి ధనుష్కోటి సోదా గది ఏ పక్కనుందో ఎలా తెలుసు? దొంగసరుకు కోసం దాటాడు కనుక తెలుసు. అక్కడివాళ్ళకు మొహమో పేరో తెలిసిపోయింది కనుక, ఈసారి మర్యాదస్తుడైన డ్రైవరు పాసు కావలసి వచ్చింది. కాని జయరామయ్య జ్వరంతో ఇంట్లో ఉన్నాడన్నారు. నిజమేనా పెంచలమ్మగారూ?"

"నిజమేనన్నా."

"అయితే మీ ఇల్లెందుకు ఊడవలేదు?"

పెంచలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కంబళి కింద దిండ్లు పెట్టారు. ఊరందరికీ అబద్ధం చెప్పారు. పేరమ్మను మీ కళ్ళముందే కట్టేస్తుంటే తలుపు వేసుకున్నారు. ఇన్ని చేసినవారు చీపురు మాత్రం పట్టలేకపోయారు. ఎందుకని?"

పెంచలమ్మ కూలబడింది. "ఆయన తెల్లారుజామున బండెక్కినాడు. చేరకముందే ఎట్ట ఊడ్చేదన్నా! వద్దని చెప్పినా. నైలాను చీరలు, గడియారాలు తెస్తానన్నాడు. ఈ ఒక్కసారేనన్నాడు."

"మీ మనిషి క్షేమంగా చేరాలి." మస్తానయ్య గొంతు మరీ తగ్గింది. హాల్లో అందరూ ముందుకు వంగి విన్నారు. "ఈ తల్లి మాత్రం చెల్లెల్ని చూడకపోయినా ఫరవాలేదు. నాలుగు నైలాను చీరల కోసం!"

స్టేషను మాస్టరు లోపలినుంచి వచ్చాడు. "దొరికాడండీ! బోటు మెయిలు ఇంకా కదల్లేదు. వెంకయ్యనంటూ దర్జాగా కూర్చున్నాడట. అక్కడి పోలీసులకు పాత చుట్టమేనట, చూడగానే పేరుపెట్టి పిలిచారు. పాసూ, అనుమతి కాగితాలూ భద్రంగా ఉన్నాయి."

వెంకటశేషమ్మ గట్టిగా భర్త చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడొచ్చే మెయిలుకు బయల్దేరండి," అన్నాడు మస్తానయ్య. "మద్రాసు దాకా టికెట్లు దాసు తీసుకున్నాడు. పాసు ఎగ్మూరులో మీ చేతికిస్తారు. రేపటి బోటు మెయిలు అందుతుంది. గడువు దాటదు."

కాలనీ పెద్దల్లో ఒకాయన లేచి పేరమ్మ దగ్గరకు వచ్చాడు. "ఏమనుకోబాకమ్మా, పొరపాటైపోయింది."

"అనుకుంటా," అంది పేరమ్మ. "నా చేపలు వీధిలో పారబోసి, నా చేతులు కట్టేసి, ఏమనుకోబాకంటే ఎట్ట సామీ? బతికినన్నాళ్ళు అనుకుంటా." అని, కమిలిన చేతులతోనే పరుపుచుట్ట నెత్తికెత్తుకుంది. వెంకటశేషమ్మ వద్దన్నా వినలేదు.

మెయిలు వచ్చింది, కదిలింది. కిటికీలోంచి ముసలి చెయ్యి ఒకటి ఊగుతూ పోయింది. పేరమ్మ ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి, అది కనబడకుండా పోయాకే వెనక్కి తిరిగింది.

వెయిటింగు హాల్లో తాడుముక్కలు, పూలరేకులు పడి ఉన్నాయి. స్టేషను ఊడ్చే మనిషి చీపురు పట్టుకుని లోపలికి రాబోయాడు. పేరమ్మ ఒక్క ఉరుకున వెళ్ళి అది లాగేసుకుంది.

"బుద్ధుందా నీకు? ఇప్పుడే గదా మాయమ్మ బయల్దేరింది!"

ఆ మనిషి దిక్కుతోచక మస్తానయ్య వైపు చూశాడు. క్రీస్తుదాసే ముందుగా వెళ్ళి హాలు తలుపు దగ్గరికి వేశాడు.